ఇంట గెలిచిన గంట



ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మన చేత్తో చేసిన వస్తువును అమ్మడానికీ ఇదే సూత్రం.

కిందటేడు మస్కట్‌లో డాబా మీది నీళ్ల ట్యాంకుకు మనం ఒక గంట తయారుచేశాం. నీళ్లు నిండి రెండు రాగి తీగల కొసలను తాకగానే కొద్దిపాటి కరెంటు ప్రవహిస్తుంది. ట్రాన్సిస్టర్ దాన్ని పెంచి బజర్‌ను మోగిస్తుంది. 9 వోల్టుల బ్యాటరీ చాలు.

"అంకుల్, పది చేసి అమ్ముదామా?" అన్నారు మీరు. నెల తిరగకుండానే గంట మూగబోయింది. కొసలకు చిలుము పట్టింది. సముద్రపు నీటిలో ఉప్పు తీసి మనకు పంపిన మంచినీళ్లు పొంగి నేలపాలయ్యాయి. అప్పటికే అమ్మి ఉంటే? కొసలకు తుప్పు పట్టని స్టీలు స్క్రూలు బిగించి, మరో రెండు నెలలు పరీక్షించాం.

1976లో అమెరికాలో స్టీవ్ వోజ్నియాక్ సరదాగా చేసుకున్న కంప్యూటర్ బోర్డును క్లబ్బు మిత్రులకు చూపించాడు. అమ్ముదామన్నాడు స్టీవ్ జాబ్స్. బైట్ షాప్ యజమాని 50 కావాలన్నాడు. అయితే విడిభాగాలుగా కాదు, పూర్తిగా బిగించి ఇవ్వాలన్నాడు. అదే ఆపిల్-1. మొత్తం సుమారు 200 తయారయ్యాయి. చేసేవారి సరదా వేరు, కొనేవారి అవసరం వేరు!

కాబట్టి ముందు పరీక్షించాలి. వాడే విధానం తేలిక మాటల్లో రాయాలి. ఇక్కడ అమ్మడానికి కావలసిన అనుమతులు పెద్దలతో కనుక్కోవాలి. చెడినవాటి ఖర్చూ ధరలో కలపాలి.

అభ్యాసం: ఒక్కో గంటకు 800 బైసాలు ఖర్చయిందనుకుందాం. పదింటిలో రెండు మోగలేదు. నష్టం రాకుండా మిగతావి ఎంతకు అమ్మాలి?