నీలం నీళ్ళ సీసా, కుక్క కన్ను, మీ బిడ్డ

వేంపల్లె, పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ఏ ఊళ్ళో వీధి వెంట నడిచినా ఎక్కడో ఒక గేటుకు నీలం నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సీసా వేలాడుతూ ఉంటుంది. నీలిమందు కలిపిన నీళ్ళను చూస్తే కుక్క బెదిరిపోయి వాకిట్లో గలీజు చేయదని నమ్మకం. ఇడుపులపాయలో నెమళ్ళు చూపిద్దామని ఆదివారం బిడ్డను బండి మీద తీసుకుపోతుంటే, వెనక నుంచి ప్రశ్న వస్తుంది: "నాయనా, కుక్కకు నీలం అంటే భయమా?" దయచేసి "ఊరుకోరా" అనకండి. కుక్క లోకాన్ని ఎలా చూస్తుందో తెలిసిన బిడ్డ కుక్క దగ్గర ఎలా మెలగాలో సగం నేర్చుకున్నట్టే. ఆ మాట మొదలుపెట్టడానికి ఈ సీసా చాలు.

నిజానికి కుక్కకు బాగా కనిపించే రంగే నీలం. మన కంటి లోపలి పొరలో రంగులు పట్టే కణాలు మూడు రకాలు, కుక్కకు రెండు రకాలే. 1989లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జే నైట్జ్, ఆయన తోటివారు కుక్కలకు శిక్షణ ఇచ్చి, వేరే రంగున్న దీపాన్ని ముక్కుతో తాకించి ఈ సంగతి తేల్చారు. నీలం, పసుపు వాటికి విడివిడిగా కనబడతాయి. ఎరుపు, ఆకుపచ్చ మాత్రం ఒకదానిలో ఒకటి కలిసిపోయి మాసిన పసుపులాగో బూడిదలాగో ఉంటాయి. కాబట్టి నీలం నీళ్ళను చూసి కుక్క భయపడటానికి కారణమేమీ లేదు. నిన్న లేనిది ఇవాళ వాకిట్లో ఉంటే రెండు రోజులు అనుమానంగా తిరగవచ్చు, అలవాటు పడ్డాక ఆ సీసా పక్కనే కాలెత్తుతుంది.

ఈ మాట బిడ్డకు చెప్పేసి ఊరుకోకండి, తననే చూడనివ్వండి. మీ గేటుకూ సీసా ఉంటే వారం రోజులు పొద్దున్నే వాకిలి చూసి నోటుపుస్తకంలో రాయమనండి. ఇంట్లో పెంచే కుక్క ఉంటే పచ్చగడ్డిలోకి ఒకసారి ఎర్రబంతి, ఇంకోసారి నీలం బంతి వేసి చూడమనండి. ఎర్రబంతిని అది చాలాసార్లు ముక్కుతోనే వెతుక్కుంటుంది. ఇడుపులపాయలో నెమలి ఎదురైతే ఇంకో మాట కలపవచ్చు. ఆ నీలం మెడ కుక్కకూ నీలంగానే కనిపిస్తుంది, పింఛంలోని పచ్చదనం మాత్రం గడ్డిలో కలిసిపోతుంది. ఇక నెమలి కంట్లో రంగులు పట్టే కణాలు నాలుగు రకాలు. ముగ్గురు ఒకే చోట నిలబడి మూడు లోకాలు చూస్తున్నారని తెలిస్తే పిల్లల కళ్ళు ఎంత పెద్దవవుతాయో మీరే చూస్తారు.

కంటిని మోసపుచ్చే బొమ్మల సంగతి ఇంకా బాగుంటుంది. ఒకే కొలత ఉన్న రెండు సంగటి ముద్దలు చేసి, ఒకటి పెద్ద పళ్ళెంలో, ఒకటి చిన్న గిన్నెపళ్ళెంలో పెట్టండి. ఏది పెద్దదని బిడ్డను అడిగితే చిన్న పళ్ళెంలోదే చూపిస్తుంది, మనకూ అలాగే అనిపిస్తుంది. బెల్జియం పండితుడు డెల్బెఫ్ 1865లోనే ఈ మాయను వివరించాడు. ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయం వారు 2017లో కుక్కల ముందు ఇలాగే తిండి పళ్ళేలు పెట్టారు. ఒకే రకం పళ్ళేలైతే కుక్కలు ఎక్కువ తిండి ఉన్న వైపే పోయాయి. తిండి సమానంగా ఉంచి పళ్ళేల కొలత మార్చినప్పుడు మాత్రం మనుషులలాగా మోసపోలేదు. అదే ఏడు ఆస్ట్రేలియాలోని లా ట్రోబ్ విశ్వవిద్యాలయంలో తాకే తెర మీద ఇంకో బొమ్మ చూపారు. చుట్టూ పెద్ద పెద్ద వలయాలుంటే నడిమి వలయం మనకు చిన్నదిగా కనిపిస్తుంది. కుక్కలు దాన్నే పెద్దదిగా ఎంచుకున్నాయి. అవీ మోసపోయాయి, కాని మనకు ఎదురు దిక్కున. నడిమి వలయాన్ని విడదీసి చూడకుండా మొత్తం బొమ్మను ఒక్కటిగా కొలిచి ఉంటాయని ఒక ఆలోచన. చూపంటే కన్ను ఒక్కటే చేసే పని కాదు, మెదడు కూడా కలిసి కట్టే లెక్క. ఆ లెక్క ఒక్కో జీవిలో ఒక్కోలా ఉంటుందని సంగటి పళ్ళెం దగ్గర కూర్చుని చెబితే ఏడేళ్ళ బిడ్డకైనా అర్థమవుతుంది.

ఇంత చెప్పడం ఎందుకంటే, కుక్క దగ్గర నిజంగా ప్రమాదకరమైన మోసానికి లోనయ్యేది మన పిల్లల కన్నే. ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయంలో కెర్స్టిన్ మైంట్స్ బృందం చిన్నపిల్లలకు కుక్కల ముఖాలు చూపించింది. పళ్ళు బయటపెట్టి గుర్రుమంటున్న కుక్కను చూసి మూడు నాలుగేళ్ళ పిల్లలు చాలామంది అది సంతోషంగా ఉందనుకున్నారు. మనుషుల్లో పళ్ళు కనిపిస్తే నవ్వే కదా, బిడ్డ తనకు తెలిసిన లెక్కే వేసింది. తల్లిదండ్రులు ముందుగా సరిచేయవలసింది ఈ ఒక్కటి. పళ్ళు కనిపిస్తే, పెదవి ముడుచుకుంటే, ఒళ్ళు బిగుసుకుంటే, తోక కాళ్ళ మధ్యకు పోతే అది నవ్వు కాదు, "దూరంగా ఉండు" అనే మాట. తోక ఊపినంత మాత్రాన స్నేహం కాదని కూడా చెప్పండి. మీరే నాలుగు కాళ్ళ మీద వంగి నటించి చూపించండి. చిన్నపిల్లలకు ఉపన్యాసం కన్నా అది బాగా నాటుకుంటుంది.

కుక్క కన్ను కదలికను పట్టడంలో దిట్ట. 1936లో పోలీసు కుక్కలను పరీక్షిస్తే, కదిలే వస్తువును 800 మీటర్లకు పైగా దూరం నుంచే గుర్తుపట్టాయి. అదే వస్తువు కదలకుండా ఉంటే 600 మీటర్ల లోపలికి వస్తేగాని పట్టలేకపోయాయి. అందుకే పరుగెత్తే బిడ్డ వెంట కుక్క పడుతుంది. చీనీ తోట గట్టున కాపలా కుక్క మొరిగినా, కొండవార గొర్రెల మంద దగ్గర కాపరి కుక్క ఎదురొచ్చినా, చేతులు ఒంటికి ఆనించుకుని, దాని కళ్ళలోకి చూడకుండా, కదలక నిలబడమని నేర్పండి. అది నెమ్మదించాక మెల్లగా వెనక్కి అడుగులు వేయాలి. రాయి తీసుకోవడం, అరవడం వద్దు. ఇంట్లో ఆటలాగా పదిసార్లు చేయిస్తేనే భయం వేసిన క్షణంలో ఒళ్ళు ఆ మాట వింటుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అడుగు, అడుగున్నర లోపలికి వచ్చిన వస్తువు కుక్కకు మసకగా కనిపిస్తుంది. ముద్దుగా నిమురుదామని బిడ్డ చెయ్యి తల మీదికి పోతే, దానికది ఒక్కసారిగా మీదికొచ్చే నీడ. యజమానిని అడిగి, చెయ్యి కింద నుంచి పక్కగా చాపి, కుక్కనే వాసన చూడనివ్వాలి. తింటున్న, నిద్రపోతున్న, పిల్లలకు పాలిస్తున్న కుక్క జోలికి అసలే పోకూడదు. బాగా తెలిసిన కుక్క అయినా చిన్నపిల్లలను దానితో ఒంటరిగా వదలకండి.

రాత్రిళ్ళు వీధిచివర మెరిసే కుక్క కళ్ళ గురించి పెద్దవాళ్ళు చెప్పే యమభటుల కథలతో పిల్లలు దుప్పటిలో వణికిపోతుంటారు. కుక్క కంట్లో రంగులు పట్టే పొర వెనక వెలుగును తిప్పికొట్టే ఇంకో పొర ఉంటుంది, టార్చి వెలుగు దాని మీద పడి వెనక్కి వస్తుంది, అంతే. చీకట్లో దానికి మనకన్నా బాగా కనిపించడానికి అదీ ఒక కారణం. అవ్వ చెప్పిన కథను కించపరచనక్కరలేదు. కథ విన్నాక టార్చి తీసుకుని మీ కుక్క కళ్ళను దూరం నుంచి ఒక్క క్షణం చూపిస్తే సరిపోతుంది.

బడి ముందు కొట్లలో అమ్మే లేజర్ లైటుతో కుక్కను పరుగెత్తించే ఆట మాత్రం ఆపించండి. ఎంత ఉరికినా పంజాకు చిక్కని చుక్క అది. ఆ ఆటకు అలవాటు పడిన కొన్ని కుక్కలు నీడలనూ వెలుగులనూ వెంటాడుతూ నిలవలేకపోతాయి. కంట్లో పడితే కుక్కకూ బిడ్డకూ చూపుకే ముప్పు.

పదో తరగతి కాగానే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ హాస్టలుకో, మరో హాస్టలుకో పంపే పిల్లలకు పెట్టె సర్దేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పండి. హాస్టలు దగ్గర తిరిగే కుక్కకు బిస్కెట్లు పెట్టే మంచి మనసు వాళ్ళది. పంటి గాటు పడినా, గోరు గీరుకున్నా, తిడతారని దాచేదీ వాళ్ళే. "ఏం జరిగినా నేను కోప్పడను, ఆ పూటే ఫోన్ చెయ్" అని ముందే మాటివ్వండి. గాయాన్ని కుళాయి నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకుపసరు ఏదీ పెట్టకూడదు. ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. గాటు లోతుగా ఉన్నా, రక్తం వచ్చినా టీకాతో పాటు గాయం చుట్టూ వేసే మందు కూడా అవసరం, డాక్టరును అడగమనండి. ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మంలోకి వేసే టీకా మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. గాయం మానిపోయిందని చివరి సూది వదిలేసేవాళ్ళు ఉంటారు. ఆ 28వ రోజు తేదీని మీ ఇంటి క్యాలెండర్లో మీరే రాసిపెట్టుకుని, ముందురోజు రాత్రి ఫోన్ చేసి గుర్తుచేయండి.