తక్కువ ఖర్చుతో ఇంటి ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాల

మా రామసముద్రం నుంచి విడిభాగాల కోసం బెంగుళూరు ఎస్.పి. రోడ్డుకు బయలుదేరే విద్యార్థి మొదట కొనవలసింది మల్టీమీటరేనని నా అభిప్రాయం. తక్కినవి చాలావరకు ఇంట్లోని పాడైన రేడియోలోనే దొరుకుతాయి. అయితే రెసిస్టరును కొలిచేటప్పుడు దాని ఒక కాలు ఊడదీయాలి సుమా! బోర్డు మీదనే కొలిస్తే పక్క భాగాల గుండా కూడా కరెంటు పారి, మీటరు తక్కువ చూపిస్తుంది.

ఇక విద్యుత్తు సంగతి. పాత సెల్‌ఫోను చార్జరు 5 వోల్టులిస్తుంది, చాలు. దాని డబ్బా మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటరులో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

మొదటి ప్రయోగం: ఎర్ర ఎల్.ఇ.డి.కి సుమారు 2 వోల్టులు పోతాయి. మిగిలిన 3 వోల్టులకు వరుసలో 330 ఓముల రెసిస్టరు పెడితే 9 మిల్లీ ఆంపియర్లు. కాగితం మీది ఈ లెక్కను మీటరుతో సరిచూడండి.