‘యూదా’ అను మాట తిట్టు కావచ్చునా?

పాఠ్యభాగము: యోహాను 20:19, రోమా 11:17-24, యాకోబు 3:9, 10



నరసాపురములోనైనను కె.జి.ఎఫ్. లోనైనను ఎన్నికల దినములలో పార్టీ మారిన నాయకుని ‘ఇస్కరియోతు యూదా’ అనుట మన క్రైస్తవులకు అలవాటే. వడ్డీ వ్యాపారిని ‘షైలాక్’ అందురు. గద్దించు తండ్రిని ‘హిట్లర్’ అందురు. 1997లో చిరంజీవి సినిమాకే ఆ పేరు పెట్టిరి. అరవై లక్షల యూదులను చంపించినవాని పేరు మనకు ముద్దుపేరైనది!

మన చరిత్రలో దీనికి జత ఉన్నది. ‘కూలి’ అను మాట మన పొలములలో తిట్టు కాదు. అది పని, ఆ పనికి వచ్చు డబ్బు. 1860లో మద్రాసు నుండి ట్రూరో ఓడ నేటాలు చేరిన తరువాత అక్కడి తెల్లవారు ఆ మాటను భారతీయులందరికి అంటగట్టిరి. గాంధీగారిని సహితము ‘కూలీ బారిష్టరు’ అనిరి. 1903లో మన తెలుగు బాప్టిస్టు మిషనరీ జాన్ రంగయ్యగారు వెళ్లినది ఆ మాట పడుచున్నవారి యొద్దకే.

ఇప్పుడు వాక్యము చూతము. యోహాను సువార్తలో ‘యూదులు’ అని సుమారు 70 మార్లు వచ్చును. గ్రీకులో ఆ మాట యూదయ దేశస్థులకును చెల్లును. 20:19లో తలుపులు మూసికొని కూర్చున్న శిష్యులెవరు? వారును యూదులే. కావున వారి భయము జనమును గూర్చినది కాదు, అధికారులను గూర్చినది. ద్రోహి పేరు యూదా, ప్రభువు సహోదరుని పేరు యూదా, ప్రభువు పుట్టిన గోత్రమును యూదాయే. (యూదా పత్రికను ద్రోహి వ్రాసెనని ఎవరును అనరు గదా.) ఈ భేదము విడిచినందున ఎంత కీడు కలిగెను! 1543లో లూథరు యూదుల మందిరములను కాల్చుడని వ్రాసెను. నాజీలు ఆ వ్రాతను వాడుకొనిరి.

యూదులు దూరదేశస్థులు, మన మాట వారికి వినబడదని అనుకొనవద్దు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో బెనె ఎఫ్రాయిము అను తెలుగు యూదులున్నారు. మాదిగ కుటుంబములవారు, ఒకప్పుడు బాప్టిస్టులే. 1990ల ఆరంభమున సమాజమందిరము ఏర్పరచుకొనిరి. కులము పేరుతో దళితులను అవమానించుట 1989 చట్టము ప్రకారము నేరము. కులము పేరు తిట్టుగా విన్నవారు ఇప్పుడు మతము పేరును, అదియు మన నోట, తిట్టుగా వినవలెనా?

ఇశ్రాయేలు ప్రభుత్వమును విమర్శించుట యూదద్వేషమా? ఈ తర్కము ఇంకను తెగలేదు. 2016లో అంతర్జాతీయ హోలోకాస్టు స్మారక కూటమి ఒక నిర్వచనము చేసెను. అది విమర్శకుల నోరు మూయుటకు వాడబడుచున్నదని 2021లో కొందరు పండితులు ‘యెరూషలేము ప్రకటన’ చేసిరి. నా మట్టుకు, ప్రధానమంత్రి చేసిన పనిని అతని పేరుతోనే తప్పు పట్టవచ్చును. దానిని ‘యూదుల బుద్ధి’ అనినచో అది విమర్శ కాదు. గాజా పిల్లల కొరకు ఏడ్చినవానిని ‘దేవుని ప్రజల శత్రువు’ అనుటయు తిట్టే.

ఆదివారపు బడి ఉపాధ్యాయులకు ఒక మనవి. యోహాను 18వ అధ్యాయము బోధించునప్పుడు ఆ రాత్రి తోటలో ఉన్న యూదులెవరెవరని పిల్లలను అడుగుడి. యేసు పేరు, పేతురు పేరు మొదట చెప్పించుడి.