గ్రూపులో గొడవ పెట్టేవాడు

మేడారం ములుగు జిల్లాలో ఉంది. ఇదివరకు వరంగల్ జిల్లా. అక్కడ రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. మొక్కు బెల్లాన్ని అక్కడ బంగారం అంటారు.

జాతర దగ్గర పడింది. పొదుపు సంఘం ఆడవాళ్లు బెల్లం అమ్మాలనుకున్నారు. వాట్సాప్ గ్రూపులో మాట్లాడుకుంటున్నారు. ఒక అక్క కొత్తగా చదువు నేర్చింది. "బెలం ధర ఎంత" అని రాసింది. ల ఒత్తు పోయింది.

"ముందు బడికి పో" అని ఎవడో ఎగతాళి చేశాడు. ఆ నంబరు ఎవరిదో తెలియదు. పదిమంది తిట్టారు. వాడు ఇంకా రెచ్చిపోయాడు. వాడికి కావలసింది అదే. పాపం, ఆ అక్క రాయడమే మానేసింది.

లీడరమ్మ తిట్టలేదు. వాడి మాటలు స్క్రీన్‌షాట్ తీసి దాచింది. వాడి నంబరు నొక్కి గ్రూపు నుంచి తీసేసింది. అడ్మిన్ ఒప్పుకుంటేనే కొత్తవాళ్లు చేరేటట్టు సెట్టింగు మార్చింది. బూతులు పెట్టినా, బెదిరించినా ఆ స్క్రీన్‌షాట్ పోలీసులకు చూపవచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోను చేయవచ్చు.

మర్నాడు ఒకామె "పోయిన జాతర లెక్క ఏది?" అని గట్టిగా అడిగింది.

"ఈమెను గూడ తీసెయ్ అక్కా" అన్నారు కొందరు.

"లెక్క అడుగుడు తప్పెట్లయితది? ఆమె మన సంఘం మనిషే గద" అంది లీడరమ్మ. లెక్కల పుస్తకం ఫొటో తీసి గ్రూపులో పెట్టింది.

దాని కిందనే ఆ అక్క మళ్లీ రాసింది. "బెలం ధర ఎంత?"

ఈసారి ధర చెప్పారు.