కొల్లేరు: సజీవ, నిర్జీవ కారకాల పొత్తు

ఒక ప్రదేశంలోని ప్రాణికోటిని, దాని చుట్టూ ఉన్న నేల, నీరు, గాలి, వెలుతురులను విడదీయరాని ఒకే వ్యవస్థగా పరిగణించాలని ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్థర్ టాన్స్లీ 1935లో ప్రతిపాదించాడు. దానినే మనం ఆవరణ వ్యవస్థ అంటున్నాం. అందులో ప్రాణమున్నవి సజీవ కారకాలు, ప్రాణం లేనివి నిర్జీవ కారకాలు. పరీక్షకు ఈ విభజన చాలును. కాని ఇవి ఒకదానినొకటి ఎట్లు మలచుకొనునో గ్రహించాలంటే కొల్లేటి సరస్సును పరిశీలించవలసి ఉంటుంది.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న పల్లపు భూమి కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు వాననీటిని, ఒండ్రును తెచ్చి ఇందులో చేర్చుతాయి. మిగులు నీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతంలో కలుస్తుంది. నీరు తేటగా ఉన్నచోట, లోతు తక్కువగుటచే, వెలుతురు అడుగుదాకా ప్రసరిస్తుంది. ఆ వెలుతురే నాచుకు, నీటిమొక్కలకు ఆధారం. వాటిని ఆశ్రయించి పురుగులు, నత్తలు, చేపలు. చేపలను ఆశ్రయించి గూడబాతులు, కొంగలు జీవిస్తున్నాయి.

ఉష్ణోగ్రత ప్రభావం మరింత సూక్ష్మమైనది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగగలదు. 30 డిగ్రీల వద్ద అది సుమారు ఏడున్నర మిల్లీగ్రాములకు తగ్గుతుంది. ప్రాణవాయువు మరీ క్షీణించినప్పుడు శీలావతి వంటి చేపలు తాళలేవు. కొరమీను మాత్రం నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొని బ్రతుకుతుంది. అనగా, ఏ నీట ఏ చేప నిలువగలదో నిర్ణయించుటలో నిర్జీవ కారకానికీ పాలున్నది.

అయితే జీవులు కేవలం లోబడి ఉండేవి కావు. గుర్రపుడెక్క నీటిని కప్పివేస్తే అడుగున వెలుతురు నశిస్తుంది. నాచు ప్రాణవాయువును విడుదల చేయలేదు. ఆ మొక్కలు చచ్చి కుళ్ళినప్పుడు ఉన్న ప్రాణవాయువు కూడ ఖర్చవుతుంది. కుళ్ళిన పదార్థం అడుగున పేరుకొని సరస్సు మెరకవుతుంది. ఇట్లు సజీవమే నిర్జీవాన్ని మార్చివేస్తున్నది.

ఈ కారకాలలో మిక్కిలి బలమైనవాడు మానవుడు. సరస్సు గర్భంలో చేపల చెరువులకై వేసిన గట్లు నీటి నడకను అడ్డగించాయి. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒడంబడిక జాబితాలో చేర్చారు. 2006లో అనేక గట్లను తొలగించారు. అయినా సమస్య సులభమైనది కాదు. నీటిమట్టం పెరిగితే పరిసరాల పొలాలు మునుగుతాయి; తగ్గితే ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పునీరు ఎగదన్నుతుంది. పక్షుల మనుగడతోపాటు బెస్తవారి కూడు కూడ ఈ నీటితోనే ముడివడి ఉన్నది.

కావున ఒక్క పక్షినో, ఒక్క చేపనో కాపాడుతామనుట చాలదు. నీటి రాకపోకలను, లోతును, స్వచ్ఛతను కాపాడినప్పుడే ప్రాణులు నిలుస్తాయి. విద్యార్థులు తమ ఊరి చెరువునైనా ఈ దృష్టితో ఒక సంవత్సరం గమనించి, నీటిమట్టాన్ని, మొక్కలను, పక్షులను నెలనెలా వ్రాసి ఉంచితే, పాఠ్యగ్రంథంలోని నిర్వచనం వారి కన్నుల ఎదుట సజీవమవుతుందని మా విశ్వాసం.