త్రోవలో మాయమగు హెడర్లు

ప్రశ్న: మా సోప్ సందేశము రెండు మధ్యవర్తి సర్వర్లను దాటి గమ్యము చేరునప్పటికి కొన్ని హెడర్లు కనబడుట లేదు. ఇది దోషమా?

జవాబు: కాదు, 2003లో వెలువడిన సోప్ 1.2 ప్రమాణము విధించిన ధర్మమే యది. ఏ హెడరునకు ‘రోల్’ గుణము ‘నెక్స్ట్’ అని యుండునో, దానిని మొదట నెదురైన మధ్యవర్తియే గ్రహించి, నిర్వర్తించినచో తొలగించి, శేషించిన సందేశమును ముందునకు సాగనంపవలెను. అవసరమని తోచినచో దానిని తానే మరల చేర్చవచ్చును. తనకు ఉద్దేశింపబడియు తాను నిర్వర్తింపని హెడరును సైతము, ‘రిలే’ గుణము ‘ట్రూ’ అని లేనిచో, విడిచివేయును. మీ చిక్కు బహుశః ఇచ్చటనే యున్నది. ఇక భద్రత మాటకు వచ్చినచో, టీఎల్ఎస్ రక్షణ మజిలీ మజిలీకిని తెగిపోవును గనుక, తుదివరకు నిలుచు డబ్ల్యూఎస్-సెక్యూరిటీ సంతకమును సందేశమునందే యుంచుట మేలు. అయితే నడుమ తొలగిపోవు హెడరును సంతకములో చేర్చితిరా, గమ్యమున పరీక్ష తప్పును.