బిడ్డ వంతు

1975 అక్టోబరు 2న మన దేశమున సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆరంభమయ్యెను. నేడు తెలంగాణ గ్రామములందు, అంగన్‌వాడీ కేంద్రముల ద్వారా, 7 నెలలు మొదలు 3 ఏండ్ల వరకు గల శిశువులకు 'బాలామృతము' అను పిండి నెలకు 2.5 కిలోల చొప్పున లభించుచున్నది. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఇందు చేరియుండును. దినమునకు 100 గ్రాముల వంతున ఇది 25 దినములకు సరిపోవును.

తీపి పిండి యింట నున్నచో పెద్దపిల్లలును చేయి చాపుదురు. తల్లి యెవరిని కాదనగలదు? నలుగురును సమముగా పంచుకొన్నచో బిడ్డకు దక్కునది 25 గ్రాములే. మనము అన్నము, పప్పు తిని ఆకలి తీర్చుకొనగలము. శిశువు కడుపు చిన్నది; కొలదిపాటి ఆహారముననే వానికి బలము చేకూరవలెను.

బాలలారా! తమ్ముని గిన్నెలోనికి మీ చేయి పోనీయకుడు. వాని వంతును కాపాడుటయే తోబుట్టువుల ధర్మము.